గుడివాడలో ఆగని గట్టిమేళం

మా దివిసీమలో ఎవరికి ఇంగ్లీషు వచ్చో, ఎవరికి రాదో తేల్చేది టీ కొట్టు. తొంభైల చివర్లో నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లోవాళ్ళకి నచ్చజెప్పి, రోజూ పొద్దున్నే ఆ కొట్టు బల్ల మీద ఇంగ్లీషు పేపరు విప్పుకుని కూర్చునేవాణ్ణి. చదివేది క్రికెట్ పేజీ. అందులోనూ స్కోరు. అయినా పేపరు అంత వెడల్పున విప్పి మొహం అంత గంభీరంగా పెట్టేసరికి, నాకు ఇంగ్లండు రాణిగారితో ఉత్తర ప్రత్యుత్తరాలున్నాయని పేరొచ్చింది. ఆ పేరే కొంప ముంచింది.

ఒకరోజు బందరు బస్సు మా సెంటర్లో ఆగి ఒక తెల్లబ్బాయిని దింపింది. దింపడం కాదు, విప్పడం అనాలి. అంత పొడుగు మనిషిని మా బస్సులో ఎన్ని మడతలు పెట్టి కూర్చోబెట్టారో గాని, ముందు కాళ్ళు దిగాయి, కాసేపటికి నడుం దిగింది, తల దిగేలోపు కండక్టరు రైట్ రైట్ అనేశాడు. చంకలో చిన్న నల్ల పెట్టె. టీ కొట్టు కొట్టంతా నా వైపు తిరిగింది.

"వెళ్ళి పలకరించవయ్యా. నువ్వు తప్ప ఎవరున్నారు?" అన్నాడు కొట్టాయన.

స్కోర్లలో ఉండే మాటలతోనే సంభాషణ నడిపాను. తేలిందేమిటంటే, అబ్బాయిది హాలెండు. అక్కడ సంగీతం కాలేజీలో చదువుతున్నాడు. వాయించేది ఓబో. అంటే మన సన్నాయికి దొరల దేశంలో పెరిగిన పిన్నికొడుకు లాంటిది. గడ్డి పీక నోట్లో పెట్టుకుని ఊదడం దగ్గర మాత్రమే పోలిక, మిగతా అంతా ఇస్త్రీ మడత. వాళ్ళ కాలేజీ పంతులు ఏనాడో మోపిదేవి తిరునాళ్ళలో మా ఊరి మాస్టారి సన్నాయి విని టేపులో పట్టుకెళ్ళాడట. ఆ టేపు విన్నప్పటినుంచీ ఈ అబ్బాయికి ఓబో మీద అన్నం హితవు పోయింది. ఏడాదిపాటు సన్నాయి నేర్చుకుని వస్తానని బయల్దేరాడు. పంతులు సరేనని ఒక్క షరతు పెట్టాడు. నిజమైన జనం ముందు, నిజమైన సభలో నువ్వు సన్నాయి వాయించిన టేపు తేవాలి. తెస్తే ఏడాది చదువు లెక్కలోకి వస్తుంది. తేకపోతే షికారు చేసొచ్చావని రాసి మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతాం.

నేనిదంతా కొట్టులో వాళ్ళకి తర్జుమా చేశాను. ఒక పెద్దాయన గ్లాసు దించి, "హాలెండంటే ఒలందావాళ్ళే కదా. బందర్లో వాళ్ళ సమాధులున్నాయి. పెద్దలకి తద్దినం పెట్టడానికొచ్చాడేమో, సరిగ్గా కనుక్కో" అన్నాడు.

"సంగీతం కోసమటండీ."

"సంగీతం కోసం మనూరా? ఎవర్రా నమ్మేది. రొయ్యల చెరువు లీజుకొచ్చుంటాడు."

ఆ రోజుల్లో మా సీమలో ఎవరు ఎందుకొచ్చినా రొయ్యలకే వచ్చినట్టు.

మాస్టారంటే ఊరందరికీ మేళం మావయ్య. మనిషి డోలంత, మీసం సన్నాయంత. చేతికి బంగారు కడియం. ఎవరో జమీందారు తన సన్నాయి విని మురిసి తొడిగాడని చెప్పేవారు. ఆయన పుట్టేసరికే జమీందారీలు పోయాయన్న సంగతి ఆయన ముందు ఎత్తగలిగిన మగాడు కృష్ణకి ఇవతలా లేడు, అవతలా లేడు. డోలు వాయించేది ఆయన బావమరిది. ఆయన మాట్లాడడు. చెప్పాల్సింది ఏదైనా డోలు మీద ఒక దెబ్బ వేసి ఊరుకుంటాడు, భార్య పిలిచినా సరే.

"ఏదీ, ఊదమను" అన్నారు మాస్టారు, మేం వాళ్ళింటి అరుగెక్కగానే.

అబ్బాయి నల్ల పెట్టె తెరిచి, ఓబో మూడు ముక్కలు బిగించి వాళ్ళ దేశపు పాటేదో వాయించాడు. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు.

"బాగానే ఉంది. జ్వరం తగిలిన కోయిల్లా ఉంది."

ఏమన్నారని అబ్బాయి నన్నడిగాడు. కోయిలతో పోల్చారని చెప్పాను. బందరు రేవులో ఒకప్పటి దుబాసీలు ఇలాగే ఉప్పూ కారం తీసేసి చెప్పి ఉంటారు, లేకపోతే వ్యాపారాలు అన్నేళ్ళు సాగవు.

ఆ పొంగులో అబ్బాయి ఒక స్వరం పట్టుకుని వదల్లేదు. గోడ మీద పిల్లి లేచి వెళ్ళింది. అత్తయ్య, అంటే మాస్టారి భార్య, ఎసరు పెట్టి వచ్చింది. స్వరం అలాగే ఉంది.

"వీడు ఊపిరి తీసుకోడా?" అన్నారు మాస్టారు, కొంచెం భయంగానే.

"గాలి బుగ్గల్లో దాచుకుని, అది ఊదుతూ ముక్కుతో పీలుస్తాడట మావయ్యా."

"బుగ్గల్లో దాచుకోడానికి అదేమన్నా తాంబూలమా. నా దగ్గర ఈ కోతివిద్యలు కుదరవు. మనిషిలా ఊపిరి తీసుకోమను."

మర్నాటి నుంచీ మాస్టారు పశువుల పాక వెనక బుగ్గలు పూరించుకుని అదే సాధన చేస్తున్నారనీ, అది చూసి గేదె ఒకటే బెదురుతోందనీ అత్తయ్య నాతో రహస్యంగా చెప్పింది. అంటే ఊరందరితో చెప్పిందన్నమాట.

చదువు కాలవ గట్టు మీద తెల్లారకముందే మొదలయ్యేది. మాస్టారు మొదట "స" ఇచ్చారు. వానలు వచ్చాయి, నాట్లు పడ్డాయి, "స" అలాగే ఉంది. కలుపు తీశారు, "రి" వచ్చింది. కంకి పాలు పోసుకునే వేళకి రాగమంటూ ఒకటి ఆకారానికొచ్చింది. ఈలోగా అబ్బాయికి తెలుగు కూడా వచ్చింది గానీ, గురువు దగ్గర నేర్చిందంతా తిట్లు, గురుపత్ని దగ్గర నేర్చిందంతా వడ్డన. సర్పంచిగారు ఎదురుపడి నమస్కారం పెడితే వినయంగా చేతులు జోడించి, "ఇంకొంచెం వేసుకోండి" అనేవాడు. సర్పంచిగారికి ఆ పలకరింపు ఎంత నచ్చిందంటే, ఆయనే వీలు చూసుకుని రోజూ ఎదురుపడడం మొదలెట్టారు.

కార్తీకంలో మాస్టారు అతన్ని మొదటిసారి పెళ్ళికి తీసుకెళ్ళారు. వాయించడానికి కాదు, శ్రుతిపెట్టె పట్టడానికి. వాళ్ళ దేశంలో కచేరీ అంటే ఎలా ఉంటుందో దారి పొడుగునా నాకు చెప్పాడు. జనం వరసల్లో కూర్చుంటారట, కదలరట, దగ్గొస్తే పాట అయ్యేదాకా మింగుతారట. పాట పాటకీ మధ్య అందరూ ఒకేసారి దగ్గుకుంటారట. క్షయరోగుల ఆసుపత్రిలా ఉండదూ అన్నాను. అతను నవ్వలేదు.

పందిట్లో మాస్టారు కల్యాణి ఎత్తుకున్నారు. నా చెవిమీద ఒట్టు, ఆ రోజు ఆయన ఊదిన కల్యాణికి పందిరి రాటలు చిగురెయ్యాలి. కానీ జనంలో ఒక్కడు ఇటు తిరగలేదు. ఒకాయన డోలుకి మోచెయ్యి ఆనించి ముప్పై కౌంటు, అంటే కిలోకి ముప్పై తూగే రొయ్య ధర ఎందుకు పడిపోయిందో ఇంకొకాయనకి వివరిస్తున్నాడు. పంక్తిలోంచి ఎవరో సాంబారు సాంబారని కేకేస్తున్నారు. ఒక పెద్దావిడ సన్నాయి గరాటు పక్కనే కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. తెల్లబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాగం ముగిశాక మాస్టారితో, వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"ఎవరూ వినడం లేదు, మాస్టారూ. ఒక్కరు కూడా."

"వినకపోవడమేంటి. అందరూ వింటున్నారు."

"చూడడం లేదు."

"చూస్తే ఏం వినబడుద్ది? ఉండు, చూపిస్తా."

మళ్ళీ ఎత్తుకుని, చక్కగా సాగే రాగాన్ని నడిమధ్య తెగ్గొట్టి సన్నాయి ఒళ్ళో పెట్టుకున్నారు. బావమరిది కూడా చేతులు ఎత్తేశాడు.

పందిరి చచ్చిపోయింది. సాంబారు గరిటె గాల్లో ఆగింది. రొయ్యలాయన నోరు ధర దగ్గర తెరుచుకుని ఉండిపోయింది. ఒత్తుల పెద్దావిడ, "అయ్యో, ఎవరికేవైంది?" అంది. పెళ్ళికూతురి తండ్రి కండువా ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏవైందండీ మాస్టారూ, ఏదన్నా పొరపాటా? మర్యాదలో లోపమా?"

"ఏం లేదండీ, పీక తడుపుకుంటున్నా" అని మాస్టారు మళ్ళీ మొదలెట్టారు. గరిటె కిందికి దిగింది, రొయ్య ధర కూడా దిగింది, పందిరికి ప్రాణం వచ్చింది.

"విన్నావా అబ్బాయ్. శుభకార్యంలో మేళం ఊపిరి లాంటిది. ఉన్నంతసేపూ ఎవడూ పట్టించుకోడు. ఆగిందా, డాక్టర్ని పిలుస్తారు. కాబట్టి ఏం జరిగినా ఆపకు."

అబ్బాయి ఆ మాట గుండెలో రాసుకున్నాడు. కానీ గుండె ఒక్కటీ చాలదుగా, టేపు కావాలి. తిరుగు ప్రయాణం దగ్గర పడుతోంది. ఎన్నిసార్లు అడిగినా మాస్టారిది ఒకటే మాట: "నీకు పరీక్ష కావాలంటే వెళ్ళి కాలేజీలో రాసుకో. పెళ్ళి అవతలివాళ్ళకి ఒకసారే జరుగుద్ది." అబ్బాయి ఎంత దిగులుపడ్డాడంటే అత్తయ్య గోంగూర పచ్చడి వేస్తే ఇంకొంచెం అనకుండా లేచాడు. అత్తయ్య ఆ పూట భర్తకి కూడా వడ్డించడం మానేసింది.

దేవుడు జంతిక రూపంలో వచ్చాడు. వేసవిలో గుడివాడ పెళ్ళికి రెండు రోజుల ముందు మాస్టారు ఒక జంతిక కొరికారు. ముందు పన్ను ఊడింది. ఆ జంతిక అత్తయ్య కావాలనే అంత గట్టిగా చేసిందని ఊళ్ళో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. ముందు పన్ను లేకపోతే సన్నాయిలోకి వెళ్ళాల్సిన గాలి సగం పక్కనుంచి పోతుంది. మాస్టారు ఊది చూస్తే టీ కొట్టు స్టవ్వు చప్పుడొచ్చింది. పెళ్ళివారి తాంబూలం ఎప్పుడో తీసేసుకున్నారు. ఇంకో మేళాన్ని పిలిస్తే జమీందారు కడియం పరువు పోతుంది.

"సరే. వీణ్ణే కూచోబెడదాం. తాళం నేనేస్తా" అన్నారు, పన్ను లేని సందులోంచి.

గుడివాడ కల్యాణ మండపం. పెళ్ళికూతురిది పెదపారుపూడి, పెళ్ళికొడుకుది గుడ్లవల్లేరు. పగటి ముహూర్తం, రోహిణీ కార్తె. ఎండ ఎంతటిదంటే బయట నిలబెట్టిన అంబాసిడర్ కారు బానెట్ మీద అప్పడం వేయించుకోవచ్చు. అందుకని పెళ్ళికూతురి తండ్రి ఒక స్టాండు ఫ్యాను అద్దెకి తెచ్చి పీటల పక్కన పెట్టించాడు. అది ఫ్యాను కాదు, రెక్కలు ఊడిన విమానం. దాని గాలికి వధూవరుల మధ్య పట్టిన అడ్డతెర తెరచాపలా ఉబ్బి, ఇద్దరు బావలు పట్టుకున్నా ఆగేట్టు లేదు. పంతులుగారి పంచాంగంలో పేజీలు జ్యేష్ఠం నుంచి మార్గశిరానికి, మార్గశిరం నుంచి ఉగాదికి ఎగురుతున్నాయి.

నేను టేపు రికార్డరు డోలు పక్కన పెట్టి మీట నొక్కాను. మాస్టారు శిష్యుడి చెవిలో ఆఖరి ఉపదేశం చేశారు.

"పంతులుగారి చెయ్యి చూడు. చెయ్యి పైకి లేచి వేళ్ళు ఆడాయా, గట్టిమేళం. ఇంకేం చూడకు. పెళ్ళికూతుర్ని అసలు చూడకు."

గట్టిమేళమంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణాన, తాళి కట్టే క్షణాన, ఎవరి తుమ్మూ ఎవరి చెడ్డ మాటా చెవిన పడకుండా సన్నాయీ డోలూ కలిసి ఆకాశాన్ని చించడం. అబ్బాయి మొహం వెలిగింది. వాళ్ళ దేశంలో కూడా మేళం ముందు ఒకాయన నిలబడి చెయ్యి ఊపుతాడట. ఆ చెయ్యి చూడడమే వాళ్ళకి చిన్నప్పట్నుంచీ చదువట. అతను పంతులుగారి చేతిమీద కళ్ళు నాటాడు. కొంగ కూడా చేపని అంత శ్రద్ధగా చూడదు.

అరగంట బాగానే గడిచింది. కల్యాణి సాగుతోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు, అబ్బాయి ఆనందంగా ఉన్నాడు. ముహూర్తం ఇంకా పావుగంట ఉందనగా పంచాంగం ఎగిరి హోమగుండం అంచున పడింది. పంతులుగారు ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, ఫ్యాను పక్కన ఉన్న వాళ్ళకేసి వేళ్ళు ఆడించారు.

"అయ్యా, ఆ ఫ్యాను కాస్త అటు—"

అటు ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గట్టిమేళం విరుచుకుపడింది. డోలు బావమరిదికి చెవులూ చేతులే గానీ మధ్యలో ఆలోచనేం ఉండదు, సన్నాయి లేచిందంటే ఆయన చేతులు లేస్తాయి. జనమూ అంతే. గట్టిమేళం వినబడగానే కృష్ణా జిల్లా మనిషి చెయ్యి తనంతట తనే అక్షింతలు విసురుతుంది, అందులో మెదడుకి పాత్ర లేదు. అయిదొందల మంది విసిరారు. ఫ్యాను ఆ అక్షింతల్ని అందుకుని మళ్ళీ జనం మీదకే కొట్టింది. తెర పట్టుకున్న బావలిద్దరూ అలవాటు ప్రకారం తెర దింపేశారు.

తెర వెనక పెళ్ళికూతురు బందరు లడ్డూ తింటోంది.

పాపం, పొద్దుట్నుంచీ ఉపవాసం. మేనత్త ఎవరో కొంగు చాటున అందించినట్టుంది. ఒక బుగ్గ లడ్డూతో నిండి, చేతిలో మిగతా సగం పట్టుకుని, పెళ్ళికొడుకు కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. పెళ్ళికొడుకుదీ ఉపవాసమే. అతను ఆమె కళ్ళు చూడలేదు, లడ్డూనే చూశాడు. ఆ పిల్ల మంచిది, గలాభాలో ఆ సగం అటు జరిపింది. కాపురం అప్పుడే మొదలైందని నా అభిప్రాయం.

పెళ్ళికొడుకు పెదనాన్నగారు మాత్రం లేచి నిలబడ్డారు.

"ఏంటండీ ఇది? ముహూర్తం కాకుండా గట్టిమేళమేంటి, తెర దించడమేంటి? ఎవరండీ ఆ తెల్లాయన?"

"నేను ఫ్యానన్నాను" అన్నారు పంతులుగారు, చెయ్యి వెంటనే ఉత్తరీయంలో దాచేసుకుని.

"అశుభం కాదూ ఇది? ఆపించండి ముందు. ఈ మేళాన్ని పంపించి బ్యాండువాళ్ళని పిలవండి."

 మేళాన్ని పంపిస్తే టేపు పోయింది, ఏడాది పోయింది, కడియం పోయింది. అబ్బాయికి మాటలన్నీ అర్థం కాకపోయినా పెదనాన్నగారి మొహం అర్థమైంది. బుగ్గలు వణికాయి. సన్నాయి పెదవి నుంచి జారబోయింది.

"ఆపావంటే చంపేస్తా" అన్నారు మాస్టారు. తాళం ఆపకుండా పెదనాన్నగారి వైపు తిరిగి, పన్ను సందులోంచి గాలి పోతున్నా గొంతు పెంచి చెప్పారు. "అయ్యా, ఒక్క మాట. గట్టిమేళం ముందు మొదలవడం దోషం కాదండీ. ముహూర్తానికి ముందు ఆగిపోవడం దోషం. ఇది ఆగదు. ముహూర్తం దాకా ఇదే గట్టిమేళం. మీ పెళ్ళికి పావుగంట గట్టిమేళమండీ. ఈ జిల్లాలో ఎవడికి జరిగిందో చెప్పండి."

పెదనాన్నగారు పంతులుగారి వైపు చూశారు. ఎత్తిన చెయ్యి తనదే కాబట్టి పంతులుగారు ఆలోచన త్వరగా ముగించారు.

"ముహూర్తానికి మేళం మోగుతుండాలన్నారే గానీ, ఎప్పుడు ఎత్తుకోవాలన్నది ఎక్కడా లేదండి."

"మధ్యలో ఆగిందంటే మరి?"

"ఆగితే నేను కూడా లేచి వెళ్ళిపోతాను."

అప్పుడు బుగ్గల్లో తాంబూలం బయటికి వచ్చింది. మాస్టారు వద్దన్న కోతివిద్యే. అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. బుగ్గలు చెరో కొబ్బరి బొండాం అయ్యాయి, ముక్కు కొలిమి తిత్తి అయింది. మొహం ముందు తెలుపు, తర్వాత ఎరుపు, ఆ తర్వాత నేరేడు పండు. గట్టిమేళం పామర్రు దాకా వినబడిందంటారు. పామర్రులో తమ మేళమేననుకుని ఇద్దరు తాళి కట్టేశారని కూడా అంటారు, అది నేను నమ్మను.

బావలు తెర మళ్ళీ పట్టుకున్నారు. వంటవాళ్ళ దగ్గర పులిహోర బియ్యంలో పసుపు కలిపి కొత్త అక్షింతలు తెచ్చారు. ఆ కాస్త వ్యవధిలో మండపంలో చెయ్యి ఎత్తిన మనిషి లేడు. ఫ్యాను తిప్పాలన్నా కనుబొమలతోనే. పంక్తిలో కూర్చున్నవాళ్ళు మజ్జిగ కోసం చెయ్యి లేపబోయి, ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ మజ్జిగ అని కేకేశారు. సగంలో నేను క్యాసెట్టు రెండో వైపు తిప్పాను.

ముహూర్తం వచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టారు, తెర దిగింది, అక్షింతలు పడ్డాయి. ఈసారి పెళ్ళికూతురి నోరు ఖాళీగానే ఉంది. పెళ్ళికొడుకు మీసం మీద మాత్రం లడ్డూ పలుకు ఒకటి మెరుస్తోంది. మాస్టారు శిష్యుడి చెవి దగ్గర వంగి, ఏడాదిగా తిట్టిన గొంతుతో మెల్లిగా, "ఆపు" అన్నారు.

అబ్బాయి కళ్ళు తెరిచాడు. "అయిపోయిందా?"

"జీలకర్ర అయింది. తాళి ఇంకా ఉంది. నీళ్ళు తాగు, మళ్ళీ ఊదాలి."

డోలు బావమరిది అరచేతులు చూసుకుని, జీవితంలో మొదటిసారి నోటితో మాట్లాడాడు. "అమ్మో" అన్నాడు.

వానాకాలం మొదలయ్యాక మా సెంటర్లో ఎస్టీడీ బూత్‌కి హాలెండు నుంచి ఫోనొచ్చింది. దేశం దూరం కాబట్టి గట్టిగా మాట్లాడాలని మాస్టారి నమ్మకం. ఆయన అరుపుకి అవతలి మాట వినబడక, రిసీవరు నా చెవికి పెట్టించి, విన్నది విన్నట్టు చెప్పమన్నారు.

"టేపు అందరూ విన్నారట మావయ్యా. పాసయ్యాడట."

మాస్టారు కడియం పైకి నెట్టుకున్నారు. "టేపు విని ఏవన్నారట?"

"మధ్యలో మజ్జిగ మజ్జిగ అని అరిచే గాత్ర విద్వాంసుడెవరని అడిగారట."

"చెప్పాడా?"

"చెప్పాడట. తర్వాత వాళ్ళ పెద్ద హాల్లో మన సన్నాయి వాయించమన్నారట. వాయించాడట. కానీ చాలా భయం వేసిందట."

"ఎందుకూ?"

"హాలు నిండా జనమేనట. ఒక్కరు కదల్లేదట, ఒక్కరు మాట్లాడలేదట. అంత నిశ్శబ్దం చూసి, ఏదో ఘోరం జరిగిపోయిందనుకున్నాడట. మీరు చెప్పింది గుర్తొచ్చి అస్సలు ఆపలేదట. వాచ్‌మన్ వచ్చి లైట్లు తీసేసేదాకా వాయించాడట."

"మంచి పని చేశాడు" అని మాస్టారు కడియం తిప్పుకుంటూ మళ్ళీ అడిగారు. "ఒక్కరు కూడా కదల్లేదా?"

"కదల్లేదట."

"భోజనాలు పెట్టారా?"

అడిగాను. "లేదట మావయ్యా. భోజనాలు ఉండవట."

"అదీ సంగతి" అన్నారు మాస్టారు తేలికపడి. "అన్నం పెడతారేమోనని చూస్తూ కూర్చున్నార్రా పాపం. ఈసారి సాంబారన్నా పెట్టించమను."